మట్టి లేని బడితోట: మీకు తెలుసా?

బడితోట అనగానే మనకు పెరడు, మడి, పార గుర్తొస్తాయి. న్యూయార్క్‌లో చాలా బళ్ళకు ఆ పెరడే లేదు. అందుకే అక్కడ కొన్ని బళ్ళు మట్టితో పని లేకుండా పోషకాలు కలిపిన నీళ్ళలో ఆకుకూరలు పెంచే హైడ్రోపోనిక్స్‌ను తరగతి గదుల్లోకే తెచ్చుకున్నాయి.

● దీనికి నాంది పలికింది ఒక బల్లకట్టు. 2007లో హడ్సన్ నది మీద ‘సైన్స్ బార్జ్’ పేరుతో తేలే పంటశాల ఒకటి వెలిసింది. కూరగాయలకు వాననీరు, మోటార్లకు ఎండ, గాలి నుంచి వచ్చే కరెంటు. దాన్ని నడిపిన న్యూయార్క్ సన్ వర్క్స్ సంస్థే 2010లో మాన్‌హట్టన్‌లోని ఒక ప్రభుత్వ బడి మేడమీద అద్దాల పంటశాల కట్టింది. తర్వాత ఈ పద్ధతి ఒక్కో బడికీ పాకింది.

● ఆరోగ్య సూచీల్లో న్యూయార్క్ రాష్ట్రంలోని 62 కౌంటీలలో ఏళ్ళ తరబడి అట్టడుగున ఉంటూ వచ్చింది బ్రాంక్స్. అక్కడే స్టీఫెన్ రిట్జ్ అనే ఉపాధ్యాయుడు తరగతి గదిలో నిలువు స్తంభాల తోటలు పెట్టించాడు. అడుగున ఉన్న తొట్టి నుంచి చిన్న మోటారు నీళ్ళను పైకి తోస్తుంది, అవి వేళ్ళను తడుపుతూ కిందికి జారతాయి. జానెడు జాగాలో నిలువెత్తు తోట!

● మొక్క ఏం తిని పెరుగుతుందన్న గొడవ చాలా పాతది. బెల్జియం వైద్యుడు వాన్ హెల్మాంట్ 200 పౌన్ల మట్టిలో విల్లో మొక్క నాటి, అయిదేళ్ళు నీళ్ళు మాత్రమే పోశాడు. చెట్టు 169 పౌన్లయింది, మట్టి మాత్రం తగ్గింది రెండు ఔన్సులే. ఇంకేం, చెట్టంతా నీళ్ళే అని తేల్చేశాడు. ఆ రెండు ఔన్సులకూ ఒక పని ఉందని ఆయనకు తట్టలేదు. తర్వాత 1690లలో లండన్‌లో జాన్ వుడ్‌వర్డ్ పుదీనా కొమ్మలను రకరకాల నీళ్ళలో పెట్టి తూచి చూశాడు. వాననీటిలోకన్నా థేమ్స్ నది నీటిలో బాగా పెరిగాయి. తోటమట్టి కలిపిన నీటిలోవి ఇంకా ఏపుగా వచ్చాయి. నీళ్ళు ఒక్కటే చాలవు, అందులో కరిగినదేదో కావాలి! నన్నడిగితే తరగతి గదిలో మొదట చేయించాల్సిన ప్రయోగం ఇదే. నాలుగు గ్లాసులు, పుదీనా కట్ట, తూచడానికి ఒక కాటా ఉంటే చాలు.

● పోషకాల ద్రావణం ఎక్కువగా రెండు సీసాల్లో అమ్ముతారు. వ్యాపార కిటుకు కాదు. ఒకదానిలో కాల్షియం నైట్రేట్, రెండోదానిలో సల్ఫేట్లు, ఫాస్ఫేట్లు ఉంటాయి. చిక్కగా ఉన్నప్పుడే రెండూ కలిపితే తెల్లటి మడ్డి అడుక్కి దిగుతుంది. అందులో ప్రధానమైనది జిప్సం, అంటే చాలా సుద్దముక్కలు తయారయ్యే పదార్థమే! అలా గడ్డకట్టిన కాల్షియం మొక్కకు అందదు. ముందు తొట్టినిండా నీళ్ళు పోసి, ఒకదాని తర్వాత ఒకటి కలిపితే ఈ తంటా ఉండదు.

● మోటారు, కరెంటు లేకుండానూ పెంచొచ్చు. హవాయి విశ్వవిద్యాలయంలో పనిచేసిన బెర్నార్డ్ క్రాట్కీ చూపిన పద్ధతి ఇది. మూతకు బెజ్జం పెట్టిన డబ్బాలో పోషకాల నీళ్ళు పోసి, చిల్లుల కప్పులో మొక్క నిలబెట్టి వదిలేయడమే. మొక్క తాగేకొద్దీ నీళ్ళు దిగుతాయి, పైన ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీలో వేలాడే వేళ్ళు గాలి పీల్చడం నేర్చుకుంటాయి. ఇక్కడే పిల్లలు పప్పులో కాలేస్తారు: ‘అయ్యో, నీళ్ళు తగ్గిపోయాయి’ అని జాలిపడి మళ్ళీ అంచుదాకా నింపుతారు. ఆ వేళ్ళు మునిగి, ఊపిరాడక మొక్క వాడిపోతుంది. డబ్బాకు నల్ల కాగితం చుట్టడం మరచిపోవద్దు. నీళ్ళకు వెలుతురు తగిలితే నాచు పట్టేస్తుంది.

● ‘నీళ్ళు బోలెడు ఆదా’ అన్న మాట నిజమే, కానీ సగం నిజం. అరిజోనాలో లెట్యూస్ సాగుపై 2015లో వెలువడిన అధ్యయనం లెక్క ప్రకారం, కిలో పంటకు పొలంలో 250 లీటర్లు, హైడ్రోపోనిక్స్‌లో 20 లీటర్లు కావాలి. ఇంధనం మాత్రం దాదాపు 82 రెట్లు ఎక్కువ! పంటశాలను చల్లగా, వెచ్చగా ఉంచడానికే అందులో అధిక భాగం పోతుంది. ప్రచార పత్రాల్లో మొదటి అంకె పెద్ద అక్షరాల్లో ఉంటుంది, రెండోది కనబడదు. పిల్లలకు రెండూ చెప్పాలి.

● మన దేశానికి ఈ విద్య నిన్నమొన్న వచ్చింది కాదు. 1946లోనే డార్జిలింగ్ కొండల్లోని కాలింపాంగ్‌లో షోల్టో డగ్లస్ చవకగా సాగే పద్ధతిపై ప్రయోగాలు మొదలుపెట్టాడు. దానికి బెంగాల్ పద్ధతి అనే పేరొచ్చింది.

● ఇంటర్‌లో వృక్షశాస్త్రం చదివినవాళ్ళకు ఖనిజ పోషణ పాఠంలో జూలియస్ సాక్స్ పేరు తగిలే ఉంటుంది. మట్టి లేకుండా మొక్కను పెంచి చూపిన జర్మన్ శాస్త్రవేత్త, 1860 నాటి మాట. 2022లో సిలబస్ కుదించినప్పుడు ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతి జీవశాస్త్రంలో ఆ అధ్యాయాన్ని ఎత్తేశారు. మరోవైపు, బడుల్లో పోషకాహార తోటలు పెంచాలని కేంద్రం 2019లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. పుస్తకంలోంచి పోయిన పాఠాన్ని కిటికీ పక్కన డబ్బాలో పెట్టుకోవడానికి అడ్డేమీ లేదు.

● మన ఎండల్లో ఇంకో చిక్కుంది. నీళ్ళు వేడెక్కేకొద్దీ అందులో కరిగే ప్రాణవాయువు తగ్గుతుంది. తెల్లగా ఉండాల్సిన వేళ్ళు గోధుమరంగుకు తిరిగి, జిగటగా మారి వాసనేస్తే కుళ్ళు మొదలైనట్టే. ఏప్రిల్ వచ్చేలోపు కోతలు ముగించి డబ్బాలు కడిగేయడం మేలు. మిగిలిన నీళ్ళు మోరీలో పారబోయకండి. వాటిలో ఇంకా ఎరువుంటుంది. మామూలు నీళ్ళు కలిపి పలచన చేసి బడి ఆవరణలోని చెట్లకు పోయండి.