ఆటల యంత్రం: వేడిమి, ధ్వని, జ్ఞాపకశక్తి

మన ఉద్యోగుల ఇళ్లలో టెలివిజను సరసన ఇప్పుడు తరచుగా కనిపించే వస్తువులలో గేమ్ కన్సోల్ ఒకటి. పిల్లల కోరికను కాదనలేక పూజా బోనసు సొమ్ముతోనో, కొన్ని నెలల పొదుపుతోనో దీనిని కొంటూ ఉంటాము. మధ్యతరగతి కుటుంబానికి ఇది చిన్న ఖర్చు కాదు. అటువంటి యంత్రం ఏ వేసవి మధ్యాహ్నమో ఉన్నట్టుండి ఆగిపోతే పిల్లలకు కలిగే దుఃఖం ఒక ఎత్తు, పెద్దలకు కలిగే నష్టం మరొక ఎత్తు.

ఈ యంత్రాలను గురించి సాధారణంగా వినవచ్చే ఫిర్యాదులు మూడు. త్వరగా పాడవుతున్నవని మొదటిది. ఫ్యాను రొద భరించలేకున్నామని రెండవది. కొత్త ఆటలు సరిగా నడవటం లేదని మూడవది. మొదటి రెండింటికీ మూలం చాలావరకు వేడిమి. దానిని అదుపు చేయటం కొంతవరకు మన చేతిలోనే ఉన్నది. మూడవది యంత్రానికి పుట్టుకతో వచ్చిన పరిమితి. దానికి మరమ్మతు లేదు. ఈ భేదాన్ని పాఠకులకు విశదం చేయటమే మా ఉద్దేశం.

కలకత్తా వంటి నగరంలో ఈ విషయానికి ప్రాధాన్యం ఎక్కువ. ప్లేస్టేషన్ 4, 5 నమూనాల సూచన పుస్తకాలలో, యంత్రాన్ని 5 నుండి 35 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత గల చోట వాడవలెనని తయారీదారులు పేర్కొన్నారు. చైత్ర వైశాఖ మాసాలలో ఇక్కడి మధ్యాహ్నపు ఎండ ఆ గీతను తరచుగా దాటుతుంది. అంటే ఏసీ లేని గదిలో ఆట మొదలు కాకముందే యంత్రం తన హద్దు చేరి ఉంటుందన్నమాట. దీనికి తోడు హుగ్లీ తీరపు చెమ్మ, వీధి దుమ్ము, కాలవైశాఖి గాలివానలు ఉండనే ఉన్నవి.

పాత కథ, పాత పాఠం

యంత్రానికీ వేడిమికీ గల వైరం ఈ నగరానికి కొత్త కాదు. మన దేశంలో నెలకొల్పబడిన తొలి డిజిటల్ కంప్యూటరు ‘హెచ్‌.ఇ.సి.-2ఎం’ 1955-56 కాలంలో కలకత్తాలోని భారత గణాంక సంస్థకు ఇంగ్లండు నుండి వచ్చింది. మహలనోబిస్ స్థాపించిన ఆ సంస్థలోనే, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి 1941లో ఈ నగరానికి వచ్చిన కల్యంపూడి రాధాకృష్ణారావు గారు గణాంక శాస్త్రానికి విశ్వఖ్యాతి తెచ్చారు. ఆ కంప్యూటరు వాల్వులతో పనిచేసేది. వాల్వు రేడియోను వాడిన పెద్దలకు అది ఎంత వేడెక్కుతుందో చెప్పనక్కరలేదు. దాని మెమరీ తిరిగే అయస్కాంత డ్రమ్ము మీద 1024 పదాలు మాత్రమే.

1990 దశకంలో మన పిల్లలు టీవీకి తగిలించి ఆడుకున్న ఆటల పెట్టెలను జ్ఞప్తికి తెచ్చుకోండి. వాటిలో అధికభాగం జపానులో 1983లో విడుదలైన ‘ఫామికామ్’ యంత్రానికి అనుకరణలు. ఫామికామ్‌లో పని మెమరీ 2 కిలోబైట్లు, చిత్రాల మెమరీ మరో 2 కిలోబైట్లు. దేశపు తొలి కంప్యూటరుకు ఉండినపాటి మెమరీ ముప్పై నలభై ఏళ్లలో పిల్లల ఆటవస్తువులోకి చేరినదన్నమాట. ఆ పెట్టెలలో ఫ్యాను లేదు, రొద లేదు. విద్యుత్తు వాడకం స్వల్పం గనుక వేడిమీ స్వల్పమే. క్యాసెట్టు ఆడకపోతే నోటితో ఊది మళ్లీ పెట్టేవారు. వాస్తవానికి ఊపిరిలోని తడి లోహపు కొనలకు చిలుము పట్టించేది. క్యాసెట్టును తీసి మళ్లీ గట్టిగా అమర్చటమే అసలు చికిత్స.

ఎర్ర దీపాల గుణపాఠం

నేటి యంత్రాల పరిస్థితి వేరు. 2020లో వెలువడిన తొలి ప్లేస్టేషన్ 5 గరిష్ఠ విద్యుత్ సామర్థ్యం 350 వాట్లు. భారీ ఆట నడిచేటప్పుడు అది సుమారు 200 వాట్లు వాడుతుంది. రెండు మూడు సీలింగు ఫ్యాన్లు వాడే విద్యుత్తుతో సమానమైనది. అదంతా చివరకు వేడిమిగా మారి ఆ చిన్న పెట్టెలో నుండి బయటకు పోవలసి ఉంటుంది.

పోకపోతే ఏమవుతుందో లోకానికి తెలిపినది ‘ఎక్స్‌బాక్స్ 360’. 2005లో అమెరికాలోను, 2006లో మన దేశంలోను విడుదలైన ఈ యంత్రాలు పెద్ద సంఖ్యలో మూతపడినవి. ముందు భాగాన మూడు ఎర్ర దీపాలు వెలిగితే ఇక దాని పని అయిపోయినట్లే. 2007 జూలైలో మైక్రోసాఫ్ట్ సంస్థ ఈ లోపానికి వారంటీని మూడేళ్లకు పొడిగించి, అందుకోసం వంద కోట్ల డాలర్లకు పైగా కేటాయించవలసి వచ్చింది.

కారణాన్ని ఆ సంస్థవారే 2021లో ఒక డాక్యుమెంటరీలో వివరించారు. యంత్రం ఆన్ చేసినప్పుడు వేడెక్కి వ్యాకోచిస్తుంది, ఆపినప్పుడు చల్లారి సంకోచిస్తుంది. ఈ వేడి చలువల మార్పిడి వందలసార్లు జరిగేసరికి చిప్పు లోపలి సూక్ష్మమైన అతుకులు పగిలిపోయినవి. బాయిలర్లు, టర్బైన్ల వద్ద పనిచేసే మన సోదరులకు ఈ లోహపు అలసట చిరపరిచితమే. ఉష్ణోగ్రతలో ఎగుడుదిగుడు ఎంత ఎక్కువైతే అతుకు మీద భారం అంత ఎక్కువ.

ఈ సందర్భంలో ఒక హెచ్చరిక. ఆగిన యంత్రపు బోర్డును వేడిగాలితో కాల్చి మళ్లీ పని చేయించే పద్ధతి ఒకటి ప్రచారంలో ఉన్నది. ఇంటర్నెట్టులో చూసి యంత్రానికి తువ్వాలు చుట్టి వేడి చేసినవారు కూడా ఉన్నారు. పగిలిన అతుకు కొద్ది రోజులు కలిసినట్లు ఉండి మళ్లీ విడిపోతుంది. ఈలోగా తక్కిన భాగాలు దెబ్బతింటాయి. ఇట్టి మరమ్మతుకు సొమ్ము చెల్లించే ముందు ఎన్నాళ్లు హామీ ఇస్తారో అడిగి వ్రాయించుకొనుట మంచిది.

రొద ఒక సమాచారం

ఫ్యాను వేగం రెట్టింపయితే గాలి రెట్టింపు వస్తుంది. కాని విద్యుత్తు ఎనిమిది రెట్లు ఖర్చవుతుంది, ధ్వని సుమారు 15 డెసిబెల్స్ పెరుగుతుంది. అందుచేత చిన్న ఫ్యానును వడిగా తిప్పటం కంటె పెద్ద ఫ్యానును నెమ్మదిగా తిప్పటం మేలు. ప్లేస్టేషన్ 4 తరం యంత్రాలకు రొద ఎక్కువన్న పేరు వచ్చిన తరువాత, ప్లేస్టేషన్ 5లో 120 మిల్లీమీటర్ల వ్యాసం, 45 మిల్లీమీటర్ల మందం గల ఫ్యానును అమర్చారు. చిప్పుకూ హీట్‌సింకుకూ నడుమ సాధారణ పేస్టుకు బదులు ద్రవరూపంలోని లోహాన్ని వాడారు. యంత్రం అంత పెద్దదిగా ఉండటానికి ఇదే ప్రధాన కారణం.

కొత్తలో నిశ్శబ్దంగా ఉన్న యంత్రం ఏడాది గడిచేసరికి హోరెత్తుతున్నదంటే అది మనకు ఏదో చెబుతున్నదని గ్రహించాలి. గాలి దారికి దుమ్ము అడ్డుపడినది, లేదా పేస్టు ఎండిపోయినది, లేదా గది మరీ వేడిగా ఉన్నది. బేరింగు శబ్దాన్ని బట్టి మోటారు స్థితిని పసిగట్టే మన మెయింటెనెన్సు సిబ్బందికి ఇది కొత్త విద్య కాదు.

మరమ్మతు లేని పరిమితి

ఇక మూడవ ఫిర్యాదు. తెర మీద కనిపించే ప్రతి బొమ్మా, ప్రతి గోడ మీది రంగూ ముందుగా మెమరీలో ఉండాలి. ఫామికామ్ ఒక అడ్డగీతలో ఎనిమిది బొమ్మలను మాత్రమే చూపగలిగేది. తొమ్మిదవది వస్తే ఆటను రూపొందించినవారు వాటిని వంతులవారీగా చూపేవారు; అందుకే ఆ బొమ్మలు మినుకుమినుకుమనేవి. ప్లేస్టేషన్ 2లో చిత్రాల చిప్పుకు 4 మెగాబైట్లు. ప్లేస్టేషన్ 3లో 256 మెగాబైట్లు. ప్లేస్టేషన్ 5లో అన్ని పనులకూ కలిపి 16 జిగాబైట్లు. సంఖ్య పెరిగినది గాని పరిమితి తొలగలేదు.

తక్కువ ధరకు లభించే ‘ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్’లో ఈ మెమరీ 10 జిగాబైట్లు. 2023లో ‘బాల్డర్స్ గేట్ 3’ అనే ఆట ఈ యంత్రంలో తెరను రెండుగా చీల్చి ఇద్దరు ఆడే సౌకర్యాన్ని సాధించలేక ఎక్స్‌బాక్స్ విడుదల ఆలస్యమయింది. చివరకు డిసెంబరులో, సిరీస్ ఎస్ వరకు ఆ సౌకర్యం లేకుండానే విడుదల చేశారు.

కొనేవారు ఒక తికమకను తప్పించుకోవాలి. అట్టపెట్టె మీద కనిపించే 500 జీబీ, 1 టీబీ అంకెలు ఆటలను దాచుకునే నిల్వకు చెందినవి. అది బీరువా వంటిది, కావలిస్తే తరువాత పెంచుకోవచ్చు. మెమరీ వంటగట్టు వంటిది. బీరువా ఎంత పెద్దదైనా వంట సాగేది గట్టు మీదనే. కన్సోల్‌లో దానిని తరువాత పెంచుట సాధ్యం కాదు. కనుక కొత్త ఆట తడబడితే పాత యంత్రాన్ని విప్పించి డబ్బు వృథా చేసుకోవద్దు. దానికి తగిన ఆటలు ఆడుకోవటమో, సొమ్ము కూడినప్పుడు కొత్తది కొనటమో చేయాలి.

ఇంట్లో చేయదగినవి

యంత్రానికి అన్ని వైపులా కనీసం జానెడు ఖాళీ వదలండి. మూసిన షోకేసులో ఉంచవద్దు. దుమ్ము పడకుండా ఎంబ్రాయిడరీ గుడ్డ కప్పటం మన ఇళ్లలో ఆచారం. ఆడేటప్పుడు మాత్రం దానిని తప్పక తీయాలి. నెలకొకసారి గాలి కన్నాలను మెత్తని బ్రష్షుతో శుభ్రం చేయండి. ప్లేస్టేషన్ 5 పక్కపలకలు తీస్తే దుమ్ము చేరే గుంటలు కనిపిస్తాయి. యంత్రాన్ని ఆపి, ప్లగ్గు తీసి, వాక్యూమ్ క్లీనరుతో లాగితే చాలు. అంతకు మించి విప్పవద్దు. లోపలి ద్రవలోహం విద్యుద్వాహకం గనుక అనుభవం లేని చేయి తగిలితే బోర్డుకే ముప్పు.

ఏసీ గదిలో చల్లబడిన యంత్రాన్ని చెమ్మ గల గదిలోకి తెచ్చిన వెంటనే ఆన్ చేయరాదు. లోపల పట్టిన తడి ఆరనివ్వాలి. ఆకాశం నల్లబడినప్పుడు స్విచ్ కట్టటంతో సరిపెట్టక ప్లగ్గును, కేబులు తీగలను కూడా ఊడదీయాలి. వేసవి మధ్యాహ్నం వేళ భారీ ఆటలు మాన్పించి, సాయంత్రం చల్లబడిన తరువాత ఆడించటం యంత్రానికీ, పిల్లల కళ్లకూ మంచిదే.

కర్మాగారంలో కోట్ల విలువ గల యంత్రాలను కంటికి రెప్పలా కాపాడే మనం ఇంటి యంత్రం విషయంలో మాత్రం ‘పాడైతే చూద్దాం’ అనుకోవటం తగదు. ఈ సెలవులలో తల్లిదండ్రులు పిల్లలను పక్కన కూర్చోబెట్టుకొని, గాలి ఎటు నుండి వచ్చి ఎటు పోతున్నదో చూపించి, బ్రష్షు వారి చేతికే ఇవ్వవలసినదిగా మా మనవి. యంత్రం మరికొన్నేళ్లు నిలుస్తుంది. ఏ యంత్రాన్నయినా ఎలా చూసుకోవాలో పిల్లలకూ తెలుస్తుంది.