మీకు తెలుసా? ఇంగ్లిష్‌లో ఒక్కో నడకకు ఒక్కో పేరు!
తెలుగులో నడక తీరు చెప్పాలంటే తరచూ ముందు మరో మాట తగిలిస్తాం: కుంటుతూ నడిచాడు, కాళ్లీడ్చుకుంటూ నడిచాడు. ఇంగ్లిష్ మాత్రం చాలా నడకలకు విడివిడిగా క్రియలే పెట్టుకుంది. భోంచేశాక తీరిగ్గా వేసే నాలుగడుగులు 'స్ట్రోల్'. పెద్ద పెద్ద అంగలేస్తే 'స్ట్రైడ్'. బురదలోనో, ఒళ్లు అలిసిపోయో బరువుగా సాగితే 'ట్రడ్జ్'. పసివాళ్ల బుడిబుడి నడక 'టాడిల్'. టాడ్లర్ అన్న మాట అందులోంచే వచ్చింది.

'వాండర్', 'లాయిటర్' రెండింటికీ గమ్యం లేదు. కానీ మొదటిది ఊరంతా తిరుగుతుంది, రెండోది పనీపాటా లేక ఒక్కచోటే తచ్చాడుతుంది. నిషేధపు బోర్డుల్లో కనిపించేది రెండోదే, పాపం!

'మియాండర్' కథ మరీ చిత్రం. నేటి తుర్కియేలో మెలికలు తిరుగుతూ పారే ఒక నదిని ప్రాచీన గ్రీకులు 'మైయాండ్రోస్' అన్నారు. ఆ పేరే వంకరటింకర నడకకూ క్రియ అయింది.

'సాంటర్' అంటే ఏ తొందరా లేని విలాసపు నడక. పవిత్రభూమికి వెళ్తున్నామని చెప్పుకు తిరిగేవాళ్ల నుంచి ఈ మాట పుట్టిందని అమెరికన్ రచయిత హెన్రీ డేవిడ్ థోరో 1862లో అచ్చయిన 'వాకింగ్' వ్యాసంలో రాశాడు. వినడానికి బాగుంది గానీ, భాషావేత్తలు ఒప్పుకోరు.

'గలంఫ్' పుట్టుకపై మాత్రం అనుమానమే లేదు. ఆంగ్ల రచయిత లూయిస్ కారల్ 1871లో ఒక తమాషా కవిత కోసం కల్పించాడు. అక్కడది రాక్షస జీవిని చంపి విజయగర్వంతో తిరిగొచ్చే వీరుడి రాక. ఇప్పుడేమో ధబధబమని మొరటుగా అడుగులేసేవాళ్లకు వాడుతున్నారు.