మామిడితోపులలో మాస్టారు

రాక్ సంగీతము పాడు గాయకులయెడ పాశ్చాత్యులు పెంచుకొను ఉన్మాదసదృశమైన అనురక్తిని గూర్చి మనవారు వింతగా చెప్పుకొనుట కలదు. ఎల్విస్ ప్రెస్లీ 1977 ఆగస్టు 16న కన్నుమూసినది మొదలు ఏటేట ఆ దినములలో మెంఫిస్ నగరమునందలి ఆయన గృహమునకు వేలకొలది అభిమానులు చేరి, కొవ్వొత్తులు చేతబూని, రాత్రివేళ ఆయన సమాధికడకు బారులుతీరి నడతురు. ఈ సంగతి విన్నపుడు నాకు ఆశ్చర్యము కలుగదు. నూజివీడు సీమలో, ఆగిరిపల్లి మొదలు ముసునూరు, చాట్రాయిల వరకు వ్యాపించిన మామిడితోపులలో, దానికి ఏమాత్రమును తీసిపోని అనురక్తి ఒకటి కొవ్వొత్తులు లేకయే తరతరములుగా వెలుగుచున్నది. ఆ గాయకుని వీరు ఉత్తపేరుతో పిలువరు. ఘంటసాల మాస్టారనియో, కేవలము మాస్టారనియో అందురు.

డిసెంబరు 4 ఆయన జయంతి. ఫిబ్రవరి 11 వర్ధంతి. ఈ రెంటి నడిమి కాలమే మామిడికి పూతకాలము. మంచు కురిసి పూత మాడునేమో, తేనెమంచు పురుగు పట్టునేమో, బూడిదతెగులు సోకునేమో యని రైతు గుండె చిక్కబట్టుకొనియుండు ఆ దినములు మొదలుకొని, పిందె నిలిచి, కాయ ముదిరి, చిక్కములతో దింపిన బంగినపల్లులును రసములును లారీలకెక్కి నున్న మార్కెట్టు దారి పట్టువరకు, రాత్రులు తోటలో కావలియుండువానికి పాటయే తోడు. 1948 డిసెంబరు 1న విజయవాడ రేడియో కేంద్రము వెలసిన పిమ్మట పంచాయతీ రేడియో, అటుపిమ్మట ట్రాన్సిస్టరు, ఆపైన టేపురికార్డరు, ఇప్పుడు సెల్‌ఫోను. అన్నిటను ఆ కంఠమే.

ఆయన ఈ సీమకు పరాయివాడు కాడు. 1922లో గుడివాడ చేరువనున్న చౌటపల్లిలో జన్మించెను. ఆయన గాత్రమిచ్చిన నటులు రామారావుగారు నిమ్మకూరునను, నాగేశ్వరరావుగారు రామాపురమునను పుట్టినదియు ఆ చుట్టుపట్టులనే, ఆ రెండేండ్ల వ్యవధిలోనే యగుట తలచినపుడెల్ల నాకు ఒడలు పులకించును. తండ్రి సూరయ్యగారు తరంగములు పాడుచుండగా బాలుడు నర్తించుట, తండ్రి గతించిన పిదప విజయనగరము చేరి మధుకరమెత్తి పొట్టపోసికొనుచు పట్రాయని సీతారామశాస్త్రిగారి సన్నిధిని సంగీతమభ్యసించుట, 1942 ఉద్యమమున పాల్గొని బళ్లారిలోని అల్లీపురము చెరసాలలో నుండుట, సముద్రాల రాఘవాచార్యులవారి ఆదరమున మద్రాసులో నిలదొక్కుకొనుట: ఈ ఘట్టములను అభిమానులు పురాణమువలె చెప్పుకొందురు, వినువారును అట్లే విందురు.

అయినను వీరి భక్తికి మూలము ఆ కష్టచరిత్రము కాదని నా నిశ్చయము. దానికి మూలము పద్యము. కృష్ణామండలమున పౌరాణిక నాటకము రాజ్యమేలు దినములలో, పద్యము నాలుగుపాదములు ముగిసిన పిదప నటుడు రాగమందుకొని, హార్మోనియము వెంటరాగా దానిని విస్తరించుచుండ, ప్రేక్షకులు వన్స్‌మోర్ అని కేకలువేయుచుండ, రాయబారమునకు వచ్చిన కృష్ణుడు కౌరవసభను మరచి నిలుచుండిపోవుచుండెను. ఆ విద్య తక్కువదని నేననను. దాని గాత్రబలము అపూర్వము. కాని అందు గాత్రమునకు జరిగిన పూజ భావమునకు జరుగలేదు. ఒక్కొక్క వైపున మూడునిమిషములకు మించి పట్టని గ్రామఫోను రికార్డును సినిమాయును పద్యమును కుదించుమనగా, ఘంటసాల ఆ ఇరుకునందే తన మార్గము కనుగొనెను. సమాసమును విరువదగినచోటనే విరిచి, అర్థము చెడుచోట ఊపిరి తీయక, రసమునకు తగిన రాగమును ఎన్నుకొని, పాదాంతమున చిన్న సంగతితో తృప్తిపడి, పద్యమును అక్షరములు రానివానికి సైతము అర్థమగు మాటగా చేసెను. కరుణశ్రీగారి పుష్పవిలాపమును రికార్డునకు పాడునపుడు పద్యములనడుమ వచనమును కలిపి, పూవుల గోడును పక్కింటివారి గోడుగా వినిపించెను. ఛందస్సు పేరైనను ఎరుగని తోటకాపరి అందలి ఉత్పలమాలను యతిస్థానము చెడకుండ చదువగలుగుట ఇట్లు సంభవించినది. ఏ పాఠశాలయు వానికి ఈ మేలు చేయలేదు.

ఇట్టి అభిమాని వినుతీరు వేరు. చిన్నరసమును ఎవరును కత్తితో కోయరు. మెల్లమెల్లగా నలిపి, ముచ్చిక తీసి, టెంక తెల్లబడునందాక జుర్రుదురు. ఆతడు పాటను వినుటయు నట్టిదే. ఏ చిత్రము, ఎవరి రచన, ఏ రాగచ్ఛాయ, ఏ మాటకు ముందు ఊపిరి తీసినాడు అన్న వివరములు వాని నాలుకతుదినుండును. సంబరములలో ఆర్కెస్ట్రావారు పాడునపుడు ఒక గమకము జారినచో వాని మొగము ముడుచుకొనును. వీరిలో పలువురు తాము మాస్టారికి ఏకలవ్య శిష్యులమని చెప్పుకొందురు. ఆ మాట నాకు మిక్కిలి ప్రీతికరము. కాని అపర ఘంటసాలయని బిరుదు తగిలించుకొని, ఆ కంఠపు బరువును మాత్రము అనుకరించువారిని చూచిన నాకు దుఃఖము కలుగును. రామారావుగారికి ఒక తీరునను నాగేశ్వరరావుగారికి వేరొక తీరునను కంఠమును మలచుకొనినవాని సూక్ష్మత వారికి పట్టుబడలేదు. ఏకలవ్యుడు ద్రోణుని విల్లును దొంగిలింపలేదు, గురి నేర్చుకొనెను.

గాయకుని ప్రాణాధికముగ ప్రేమించుట మన సంప్రదాయమునకు క్రొత్తదియు కాదు. శిథిలమగుచున్న త్యాగరాజస్వామి సమాధికి తన ఆర్జితమును వెచ్చించి తిరువయ్యారున మందిరము కట్టించిన బెంగుళూరు నాగరత్నమ్మ, స్త్రీలకు ఆరాధనలో పాడు హక్కు లేదన్న పెద్దల మాటకు లొంగక, స్త్రీలచేతనే వేరొక ఆరాధన నడిపించెను. ఆమెను ఉన్మాదిని యనగల సాహసము నేడు ఎవరికి కలదు? పనసకర్రతో వీణలను తొలిచి పేరుగన్న నూజివీడువారికి ఈ సంగతి నేను చెప్పనక్కరలేదు.

ఒక్క విషయమున మాత్రము ఈ అభిమానులతో నాకు పేచీ కలదు. మాస్టారు తన చివరి దినములలో, ఆరోగ్యము క్షీణించుచుండగా, గీతయందలి ఏడువందల శ్లోకములనుండి కొన్నిటిని ఏరి, పాడి, తాత్పర్యమును తెలుగున తానే చెప్పెను. ఆ రికార్డు 1974లో ఆయన మరణించిన తరువాత వెలువడినది. కాలక్రమమున అది చావువచ్చిన ఇంటిముంగిట మ్రోగు ధ్వనిగా స్థిరపడిపోయినది. తెల్లవారుజామున మైకునందు ఆ కంఠము వినబడగానే, ఎవరు పోయినారని వాకిట నిలిచి అడుగుట తెలుగునాట పల్లెపల్లెకు అలవాటైనది. ఇంతకన్న అన్యాయము ఉండబోదు. ఆ బోధ విన్న అర్జునుడు పాడెయెక్కలేదు, గాండీవమెత్తెను. చేయవలసిన పనికి వెనుదీయువానిని లేవదీయు మాటలను శవము ప్రక్కన మాత్రమే వినిపించుట వక్తకును గాయకునకును అపచారమే. మాస్టారి ఊపిరి లెక్కలన్నియు ఎరిగిన మామిడిసీమవారు దీనిని మార్చుటకు పూనుకొనవలెను. ఈ యేడు కోత మొదలిడు ఉదయమున, కూలీలు గెడలు భుజమునవేసికొని తోటలోనికి వచ్చువేళ, ఆ గీతను బిగ్గరగా పెట్టుడని వారిని వేడుకొనుచున్నాను. దారిని పోవువారు ఎవరు పోయినారని అడిగినచో, ఎవరును పోలేదు, పని మొదలైనదని చెప్పుడు.