సిలువపై రోమా అక్షరాలు – తెరపై తెలుగు పాటలు

వాక్యభాగములు: యోహాను 19:19-20, న్యాయాధిపతులు 12:4-6



ప్రియులారా, మన ప్రభువు సిలువమీద పిలాతు పెట్టించిన పైవిలాసము హెబ్రీ, గ్రీకు, రోమా భాషలలో వ్రాయబడిందనీ, అనేకులు దానిని చదివారనీ యోహాను చెబుతున్నాడు. నేడు ఇంగ్లీషుకు వాడేవి ఆ రోమా అక్షరాలే. పుప్పాలగూడ, మణికొండ, గచ్చిబౌలి ప్రాంతాల సంఘాలలో ఇప్పుడు తెలుగు పాటలు కూడా ఆ అక్షరాలలోనే తెరమీద కనబడుతున్నాయి. ఇంగ్లీషు మీడియంలో చదివే మన పిల్లలు తెలుగు మాట్లాడతారు గాని చదవలేరు. "ఇది తగునా, పాస్టరుగారూ?" అని పెద్దలు అడుగుతున్నారు.

ఇలాంటి ప్రశ్న మనకంటే ముందే చైనాలో ఒక సంఘానికి ఎదురైంది. గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రపు తూర్పు తీరంలో స్వాటో అనే రేవు ఉంది; దాని నేటి పేరు శాంటౌ. అక్కడివారి భాష తియోచ్యూ. థాయ్‌లాండ్, సింగపూరులకు వలసవెళ్లిన వారిలోనూ అది నిలిచింది. చైనా లిపి చదవాలంటే వేలాది గుర్తులు నేర్చుకోవాలి. పేదలకు, స్త్రీలకు అది అందని పండు. అందుకే 19వ శతాబ్దంలో ఇంగ్లీషు ప్రెస్బిటేరియన్ మిషనరీలు ఆ భాషలో సువార్తను రోమా అక్షరాలతో అచ్చువేశారు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ ఎడెల్ ఫీల్డ్ 1883లో ఆ భాషకు నిఘంటువు ప్రచురించారు. ఆమెను పంపినది మన నెల్లూరు, ఒంగోలులలో సేవచేసిన మిషనే!

ఈ చరిత్రనుండి మనం మూడు సంగతులు నేర్చుకోవచ్చు.

మొదటిది, అక్షరం ఒక ద్వారం. చదువురాని వారికి వాక్యము అందించడానికి ఏ లిపి వాడినా అది తప్పు కాదు. తెరమీది పాటను చూసి ఒక బిడ్డ నోరు తెరచి ప్రభువును స్తుతిస్తే సంతోషించండి.

రెండవది, గుర్తులు పోతే అర్థం పోతుంది. తియోచ్యూలో ఎనిమిది స్వరస్థాయిలున్నాయి. స్థాయి మారితే మాటే మారిపోతుంది. అందుకే మిషనరీలు అక్షరాలపై గుర్తులు పెట్టారు. 1960లో గ్వాంగ్‌డాంగ్ విద్యాశాఖ ప్రకటించిన పద్ధతిలో వాటికి అంకెలు వాడారు. మన తెలుగు సంగతి చూడండి. కే-ఏ-ఎల్-ఎల్-యూ అని వ్రాస్తే అది కళ్లా, కల్లా? "నా కళ్లు తెరువు" అని ప్రార్థించవలసిన బిడ్డ కల్లు తెరువుమంటే ఎలా? పి-ఏ-డి-యూ అంటే పాడమనా, పడమనా? యొర్దాను రేవులో షిబ్బోలెతు అనలేక సిబ్బోలెతు అన్న ఎఫ్రాయిమీయులు ప్రాణాలే పోగొట్టుకున్నారు. ఒక్క శబ్దం చిన్నది కాదు!

కాబట్టి పాటలు టైపు చేసే యౌవనస్థులారా, ఒకే పద్ధతి పాటించండి. దీర్ఘానికి అచ్చును రెండుసార్లు కొట్టండి. ట, డ, ణ, ళలకు పెద్ద అక్షరం, త, ద, న, లలకు చిన్న అక్షరం వాడండి. ఆర్‌టిఎస్ అనే పద్ధతిలో కంప్యూటరుపై తెలుగువారు ఇలాగే వ్రాసుకున్నారు.

మూడవది, ద్వారం దగ్గరే నిలిచిపోకూడదు. తియోచ్యూ బిడ్డ ముందున్నవి వేల గుర్తులు. మన బిడ్డ ముందున్నవి యాభై పైచిలుకు అక్షరాలు, వాటి గుణింతాలు, వత్తులు. 1805లో విశాఖపట్నం వచ్చిన జార్జి క్రాన్, ఆగస్టస్ డెగ్రాంజెస్ అనే దొరలు మన భాష నేర్చుకొని, ఆనందరాయర్ సహాయంతో సువార్తలను తెలుగు చేసే పనికి పూనుకున్నారు. 1818లో శ్రీరాంపూరులో తెలుగు క్రొత్త నిబంధన అచ్చయింది. పరదేశులు నేర్చిన అక్షరాలు మన బిడ్డలకు రావా?

తల్లిదండ్రులారా, పండుగకు ఊరు వెళ్లినప్పుడు నాయనమ్మ తన బైబిలు చేతికిచ్చి "ఒక కీర్తన చదువు, నాన్నా" అంటే, మీ బిడ్డ తలవంచుకోకూడదు. తెరమీద పైన తెలుగు, క్రింద రోమా అక్షరాలు ఉంచండి. ఇంటిలో కుటుంబ ప్రార్థనకు ముందు పది నిమిషాలు, బిడ్డకు కంఠతా వచ్చిన పాటనే తెలుగు అక్షరాలపై వేలు పెట్టి చదివించండి. నోటికి వచ్చిన మాటను కన్ను త్వరగా గుర్తుపడుతుంది.

మీ ఇంటిలో మూడు తరాలు ఒకే బైబిలు చదివే కృప ప్రభువు మీకు దయచేయును గాక. ఆమేన్.