మెయిల్ సర్వర్‌కు నెట్‌వర్క్ స్థాయి రక్షణ

ఒక కళాశాలకు సొంత మెయిల్ సర్వర్ ఉందనుకుందాం. సర్వర్ పాస్‌వర్డ్ అడగకముందే, వచ్చిన కనెక్షన్‌ను అనుమతించాలా వద్దా అన్నది ఫైర్‌వాల్ నిర్ణయిస్తుంది. ఈ స్థాయిలో అది మెయిల్‌లో ఏముందో చూడదు. ఏ ఐపీ అడ్రసు నుంచి, ఏ పోర్టుకు అన్నదే చూస్తుంది.

సర్వర్ల మధ్య మెయిల్ నడిచేది 25వ పోర్టులో. బయటి మెయిల్ ఎక్కడి నుంచైనా రావచ్చు కనుక దీన్ని లోపలి దిశలో మూయలేం. వినియోగదారులు మెయిల్ పంపే 587, చదివే 993 పోర్టులను మాత్రం కళాశాల అడ్రసులకే పరిమితం చేయవచ్చు. అప్పుడు ఇంటి నుంచి పనిచేసేవారికి వీపీఎన్ ఇవ్వక తప్పదు.

చాలామంది మరిచిపోయేది బయటికి వెళ్లే దారిని. ల్యాబ్‌లో ఒక కంప్యూటర్‌కు వైరస్ సోకి, 25వ పోర్టు గుండా స్పామ్ పంపడం మొదలుపెట్టిందనుకోండి. ల్యాబ్‌కూ మెయిల్ సర్వర్‌కూ పబ్లిక్ అడ్రసు ఒకటే అయితే, ఆ అడ్రసు బ్లాక్‌లిస్టులోకి చేరవచ్చు. అప్పుడు పరీక్షల విభాగం పంపే హాల్‌టికెట్ల మెయిళ్లు కూడా తిరిగి వస్తాయి. కాబట్టి 25వ పోర్టులో బయటికి వెళ్లడానికి మెయిల్ సర్వర్‌కు అనుమతి, తక్కిన కంప్యూటర్లన్నింటికీ నిరాకరణ అని రెండు నియమాలు రాయాలి. సాధారణంగా ఫైర్‌వాల్ నియమాలను పైనుంచి కిందికి చదివి, వర్తించే మొదటిదాన్నే అమలు చేస్తుంది. నిరాకరణను పైన రాస్తే మెయిల్ సర్వర్ కూడా ఆగిపోతుంది. కొత్తవారు తరచుగా చేసే పొరపాటు ఇదే.