పాత విలాస కారుకు ఏ యంత్రము మేలు?

హైదరాబాదు నగరమునకు పడమటి దిక్కున మాదాపూరులో సైబర్ టవర్స్ భవనము 1998లో ప్రారంభమైనది. నాటి నుండి హైటెక్ సిటీ, గచ్చిబౌలి, కొండాపూరు ప్రాంతములు ఒక కొత్త పట్టణముగా పెరిగినవి. ఆ వీథులలో నేడు మెర్సిడెస్, బీఎండబ్ల్యూ, ఆడీ వంటి విలాస కార్లు విరివిగా కనబడుతున్నవి. వీటి విలువ మొదటి నాలుగైదు సంవత్సరములలోనే బాగా పడిపోతుంది. అందుచేత కొత్తది కొనలేని మధ్యతరగతి ఉద్యోగి కూడా, ఒక చిన్న కొత్త కారు ధరకే, ఆరేళ్ల నాటి పెద్ద కారును కొనగలుగుతున్నాడు.

కొనేవాని ముందు మొదట నిలిచే ప్రశ్న ఒకటే: పెట్రోలుదా, డీజెల్‌దా? సాధారణముగా దీనికి వచ్చే సమాధానము “మైలేజీ కావాలంటే డీజెల్” అని. ఇది సగము నిజము. మిగిలిన సగము తెలియాలంటే భౌతిక, రసాయన శాస్త్రముల సహాయము కావలెను. ఉన్నత పాఠశాలలో నేర్చే పాఠములే ఇందుకు చాలును.

నిప్పురవ్వ ఒకటి, వేడిగాలి మరొకటి

రెండును అంతర్దహన యంత్రములే. సిలిండరులో గాలి, ఇంధనము మండి, ఆ వాయువుల పీడనము పిస్టనును నెట్టుతుంది. జర్మనీ దేశస్థుడు నికొలాస్ ఆటో 1876లో నాలుగు ఘాతముల యంత్రమును నిర్మించాడు. నేటి పెట్రోలు యంత్రమునకు అదే మూలము. రుడాల్ఫ్ డీజెల్ 1897లో ఆగ్స్‌బర్గ్ నగరములో తన యంత్రమును జయప్రదముగా నడిపి చూపాడు.

వీని భేదమంతా ఇంధనము అంటుకొనే తీరులో ఉన్నది. గాలిని హఠాత్తుగా నొక్కితే వేడెక్కుతుందని సైకిలు పంపు కొట్టిన ప్రతి బాలునికీ తెలుసును. సంపీడన నిష్పత్తి, అనగా గాలిని ఎన్నవ వంతుకు కుదించినామో ఆ సంఖ్య, పెట్రోలు యంత్రములో సుమారు 10, డీజెల్ యంత్రములో సుమారు 16 ఉంటుంది. 27 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద నున్న గాలిని ఉష్ణము బయటికి పోకుండ పదవ వంతుకు నొక్కితే, లెక్క ప్రకారము 480 డిగ్రీలు, పదహారవ వంతుకు నొక్కితే 635 డిగ్రీలు దాటుతుంది. ఇంతటి వేడి గాలిలోనికి డీజెల్ నూనెను తుంపరగా చిమ్మితే అది తనంతట తానే అంటుకొంటుంది. పెట్రోలు యంత్రములో మాత్రము ఇంధనము తొందరపడి అంటుకొనరాదు. విద్యుత్ నిప్పురవ్వ కొరకు వేచి ఉండవలెను. అందుచేతనే అక్కడ సంపీడన నిష్పత్తిని అంతగా పెంచలేరు.

సంపీడనము పెరిగితే దక్షత పెరుగుతుంది. ఆదర్శ యంత్రమునకు లెక్క కడితే నిష్పత్తి 10 అయినప్పుడు 60 శాతము, 16 అయినప్పుడు 67 శాతము దక్షత వస్తుంది. డీజెల్ యంత్రములో దహనము కొంతసేపు సాగుతుంది గనుక ఈ లాభములో కొంత తరుగు పోతుంది. ఘర్షణ, చల్లార్చే నీరు, పొగగొట్టము అన్నియు తమ పాలు తీసుకొన్న తరువాత నిజమైన యంత్రములలో దక్షత ఇంకను తగ్గిపోతుంది. అయినను డీజెల్‌దే పైచేయి.

దీనికి తోడు ఒక చిన్న రహస్యమున్నది. మనము ఇంధనమును లీటరులలో కొంటాము. యంత్రము దానిని ద్రవ్యరాశి లెక్కన వాడుకొంటుంది. కిలోగ్రామునకు రెంటిలోను ఉష్ణశక్తి ఇంచుమించు సమానమే. కాని డీజెల్ బరువైనది. లీటరు పెట్రోలులో సుమారు 32 మెగాజౌళ్లు, లీటరు డీజెల్‌లో సుమారు 36 మెగాజౌళ్లు ఉన్నవి. అనగా డీజెల్ కారు మైలేజీలో కొంత భాగము యంత్రము గొప్పతనము కాదు, నూనె సాంద్రత గొప్పతనము.

రద్దీలో ఏమి జరుగుతుంది?

కొండాపూరు నుండి సైబర్ టవర్స్‌కు దూరము నాలుగైదు కిలోమీటర్లే. ఉదయము పది గంటల వేళ ఆ దారిలో కారు పదిహేనుసార్లు ఆగి, మరల కదలవలసి రావచ్చును. 1,700 కిలోగ్రాముల కారు గంటకు 40 కిలోమీటర్ల వేగమందుకొంటే దాని గతిశక్తి సుమారు 105 కిలోజౌళ్లు. బ్రేకు తొక్కగానే అదంతా ఉష్ణముగా మారి గాలిలో కలిసిపోతుంది. యంత్ర దక్షత 25 శాతము అనుకొంటే, ఆ వేగమును మరల సంపాదించుటకు 420 కిలోజౌళ్ల ఇంధనము, అనగా 13 మిల్లీలీటర్ల పెట్రోలు కావలెను. పదిహేనుసార్లు ఆగితే ఇంచుమించు 200 మిల్లీలీటర్లు కేవలము ఆగి కదలుటకే ఖర్చు. పాఠకులు కారు బరువును, వేగమును మార్చి ఈ లెక్కను తిరిగి చేసి చూడవచ్చును. వేగము రెట్టింపైతే నష్టము నాలుగింతలవుతుంది.

రద్దీలో పెట్రోలు యంత్రమునకు మరొక బాధ ఉన్నది. దానికి గాలి, ఇంధనము ఒక నిర్ణీత పాళ్లలోనే కావలెను. తక్కువ శక్తి చాలునన్నప్పుడు ఇంధనముతోబాటు గాలిని కూడ తగ్గించవలెను. అందుకొరకు గాలి దారిలో ఒక మూత సగము మూసుకొంటుంది. అప్పుడు యంత్రము ముక్కు మూసుకొని ఊపిరి పీల్చే మనిషివలె శ్రమపడుతుంది. డీజెల్ యంత్రమునకు ఈ బెడద లేదు. గాలిని నిండుగా పీల్చి, నూనెను మాత్రము తగ్గిస్తుంది. కనుక ఇంధనము విషయములో డీజెల్ ఆధిక్యము నిదానముగా, ఆగి ఆగి పోయే దారిలోనే ఎక్కువ.

అయితే హైటెక్ సిటీ ఉద్యోగికి డీజెలే తగినదని తేల్చవచ్చునా? తొందరపడరాదు. ఎక్కడ డీజెల్ నూనెను ఎక్కువగా ఆదా చేస్తుందో, అక్కడనే దాని ఆరోగ్యము ఎక్కువగా చెడుతుంది. ఈ చిక్కు పొగగొట్టములో ఉన్నది.

మసిని పట్టే జల్లెడ

డీజెల్ తుంపరలోని ప్రతి బిందువు చుట్టును ఆమ్లజని సరిపడ అందదు. అందని చోట ఇంధనము పూర్తిగా మండక మసి అవుతుంది. బాగుగా మండిన చోట వేడి అతిగా పెరిగి, గాలిలోని నత్రజని, ఆమ్లజని కలిసి నత్రజని ఆక్సైడులు ఏర్పడతవి. పెట్రోలు కారులో గాలి పాళ్లు సరిగా ఉండుటచేత ఒకే ఉత్ప్రేరకము మూడు రకముల విషవాయువులను శుద్ధి చేయగలదు. డీజెల్ పొగలో ఆమ్లజని మిగిలిపోతుంది గనుక ఆ ఉపాయము పనిచేయదు.

మన దేశములో 2020 ఏప్రిల్ 1 నుండి భారత్ స్టేజ్-6 నియమములు అమలులోనికి వచ్చినవి. డీజెల్ కారు వదలదగిన నత్రజని ఆక్సైడులు కిలోమీటరుకు 0.25 గ్రాము నుండి 0.08 గ్రామునకు, మసి కణములు 0.025 నుండి 0.0045 గ్రామునకు తగ్గించబడినవి. నూనెలోని గంధకము పది లక్షల పాళ్లకు 50 నుండి 10 పాళ్లకు దిగినది. ఈ పరిమితులను అందుకొనుటకు డీజెల్ కార్లకు పింగాణీ జల్లెడ వంటి మసి వడపోత తప్పనిసరి అయినది. చాలా విలాస కార్లలో యూరియా ద్రావణము చిమ్మి నత్రజని ఆక్సైడులను విచ్ఛిన్నము చేసే ఏర్పాటు కూడ ఉన్నది. ఈ ఖర్చు, చిక్కు చూచియే ఆడీ సంస్థ 2020లో భారతదేశమున డీజెల్ కార్ల అమ్మకము మానినది.

జల్లెడలో చేరిన మసిని అప్పుడప్పుడు కాల్చి బూడిద చేయవలెను. అందుకు సుమారు 600 డిగ్రీల ఉష్ణోగ్రత కావలెను. రద్దీలో కదలే కారు పొగ అందులో సగము వేడికి కూడ చేరదు. అప్పుడు యంత్రము అదనముగా ఇంధనము చిమ్మి పొగను వేడిచేస్తుంది. ఆ పని ముగియుటకు పది, ఇరువది నిమిషములు ఎడతెగని ప్రయాణము అవసరము. నాలుగు కిలోమీటర్లు పోయి, కార్యాలయపు నేలమాళిగలో కారును ఆపివేస్తే దహనము మధ్యలో ఆగిపోతుంది. ఇట్లు పలుమారులు జరిగితే జల్లెడ పూడిపోతుంది. మండని నూనె కొంత సిలిండరు గోడల వెంబడి దిగి, కందెన నూనెలో కలిసి దానిని పలుచన చేస్తుంది. పలుచబడిన కందెన బేరింగులను, టర్బోను సరిగా కాపాడలేదు.

ఇదే కారును గచ్చిబౌలి వద్ద అవుటర్ రింగు రోడ్డు ఎక్కించి చూడండి. 158 కిలోమీటర్ల ఆ దారిలో అరగంట నిలకడగా పోతే పొగ వేడెక్కి, మసి కాలి, జల్లెడ శుభ్రపడుతుంది. శంషాబాదు విమానాశ్రయమునకు వారమునకు రెండుసార్లు పోయి వచ్చేవానికిని, నెలకొకసారి విజయవాడకో, కర్నూలుకో పోయేవానికిని డీజెల్ మంచి స్నేహితుడు. కొండాపూరు, మాదాపూరుల నడుమనే తిరిగేవానికి అదే కారు ఋణదాత వంటిది. ఆదా చేసినదంతా ఒక్కమారుగా తిరిగి అడుగుతుంది.

త్రిప్పు బలమా, శక్తియా?

ఒకే కారులో రెండు యంత్రములను పోల్చి చూతము. 2017లో మన దేశమునకు వచ్చిన బీఎండబ్ల్యూ 5 శ్రేణిలో 520-డి, 530-ఐ రెంటిలోను రెండు లీటర్ల, నాలుగు సిలిండర్ల యంత్రములే. డీజెల్‌ది 190 అశ్వశక్తి, 400 న్యూటన్-మీటర్ల త్రిప్పు బలము. పెట్రోలుది 252 అశ్వశక్తి, 350 న్యూటన్-మీటర్లు. త్రిప్పు బలము ఎక్కువైన యంత్రమునకు శక్తి తక్కువ ఎట్లు? శక్తి యనగా త్రిప్పు బలమును కోణీయ వేగముతో గుణించగా వచ్చేది. డీజెల్ తన 400 న్యూటన్-మీటర్లను నిమిషమునకు 2,500 భ్రమణముల వరకే నిలుపుకొంటుంది; అచ్చట శక్తి 105 కిలోవాట్లు. పెట్రోలు యంత్రము 350 న్యూటన్-మీటర్లను 4,800 భ్రమణముల దాకా నిలుపుతుంది. అచ్చట శక్తి 176 కిలోవాట్లు. ఒకటి బరువులాగే ఎద్దు, మరొకటి పరుగెత్తే గుఱ్ఱము. నగరములో రెండును అవసరమునకు మించినవే.

ఆరు సిలిండర్లను వరుసగా పేర్చిన 530-డి వంటి పెద్ద డీజెళ్లు కూడ ఉన్నవి. ఆరు పిస్టనుల కదలికలు ఒకదానినొకటి సరిదిద్దుకొనుట చేత వాటిలో అదురు చాలా తక్కువ. నిశ్శబ్దమే విలాసమనుకొనేవారికి అవి ప్రీతికరము. కాని పైన చెప్పిన జల్లెడ నియమము వాటికిని వర్తిస్తుంది.

రూపాయల లెక్క

లెక్క కొరకు పెట్రోలు 107 రూపాయలు, డీజెల్ 96 రూపాయలు, లీటరుకు పెట్రోలు కారు 10, డీజెల్ కారు 13 కిలోమీటర్లు పోవుననుకొందాము. కిలోమీటరు ఖర్చు 10 రూపాయల 70 పైసలు, 7 రూపాయల 38 పైసలు. తేడా 3 రూపాయల 32 పైసలు. డీజెల్ కారు ధర ఒకటిన్నర లక్ష ఎక్కువనుకొంటే, ఏటా 20,000 కిలోమీటర్లు తిరిగేవానికి రెండేళ్ల మూడు నెలలలో ఆ సొమ్ము తిరిగి వస్తుంది. 5,000 కిలోమీటర్లు మాత్రమే తిరిగేవానికి తొమ్మిదేళ్లు పడుతుంది. కొన్ననాటికే ఆ కారుకు ఆరేళ్లుంటే, ఆదా మొదలయ్యే నాటికి పదిహేనేళ్ల రిజిస్ట్రేషను గడువు ముగుస్తుంది!

పెట్రోలు కొనేవారు కూడ ఒక సంగతి గమనించవలెను. 2025 నాటికి మన పెట్రోలులో ఇథనాల్ పాలు 20 శాతమునకు చేరినది. లీటరు ఇథనాల్‌లో సుమారు 21 మెగాజౌళ్లే ఉన్నవి. కనుక ఈ మిశ్రమములో శక్తి సుమారు 7 శాతము తక్కువ. 2023కు ముందటి కార్లలో చాలా వాటి రబ్బరు గొట్టములు, సీళ్లు ఈ మిశ్రమమును దృష్టిలో ఉంచుకొని చేసినవి కావు. ఇంధనపు మూతపై గల చీటిని, కారుతో వచ్చిన పుస్తకమును చదివి గాని బేరమాడరాదు.

రద్దీలోనే తిరిగేవారికి మూడవ దారి కూడ ఉన్నది. లెక్సస్ ఇ.ఎస్. 300-హెచ్, టయోటా క్యామ్రీ వంటి హైబ్రిడ్ కార్లు బ్రేకు వేసినప్పుడు పోయే గతిశక్తిలో కొంత భాగమును బ్యాటరీలో దాచి మరల వాడుకొంటవి. అయితే పాత కారులో బ్యాటరీ ఆరోగ్యమును పరీక్ష చేయించి గాని కొనరాదు.

కొనే ముందు చూడదగినవి

యంత్రము పూర్తిగా చల్లారి ఉన్నప్పుడే మొదటిసారి నడిపి చూడవలెను. అమ్మేవారు ముందుగా వేడి చేసి ఉంచితే లోపములు దాగిపోతవి. నీలిపొగ కందెన నూనె మండుటకు, నల్లపొగ ఇంధనము సరిగా మండకుండుటకు, వేడెక్కిన తరువాత కూడ తగ్గని తెల్లపొగ చల్లార్చే నీరు సిలిండరులోనికి చేరుటకు గుర్తు. డీజెల్ కారులో కందెన మట్టము ఉండవలసిన దానికంటె పైకి పెరిగి ఉంటే సంతోషించరాదు. అది ఇంధనము కలిసినదనుటకు సూచన. పరీక్షా యంత్రమును తగిలించి జల్లెడలో మసి ఎంత ఉన్నది, చివరిసారి కాలిన తరువాత ఎన్ని కిలోమీటర్లు నడిచినది చదివించవచ్చును. జల్లెడను ఎవరైనా కోసి తీసివేశారేమో కూడ చూడవలెను. అట్టి కారు యజమానికి లాభకరముగా తోచినను, దాని మసి ఊరివారి ఊపిరితిత్తులలోనికి పోతుంది.

ఢిల్లీ నుండి తక్కువ ధరకు వచ్చే పాత డీజెల్ కార్ల విషయములో మరింత జాగ్రత్త అవసరము. అక్కడ పదేళ్లు దాటిన డీజెల్ కార్లపై 2015లో హరిత ట్రిబ్యునల్ ఆంక్ష విధించినది. 2018లో సుప్రీంకోర్టు దానిని సమర్థించి, 2025లో మరల పరిశీలించినది. అట్టి కారును ఇక్కడికి తెస్తే నిరభ్యంతర పత్రము, తిరిగి రిజిస్ట్రేషను, జీవితకాలపు పన్ను తప్పవు. చవక కొంత అక్కడనే కరిగిపోతుంది.

కనుక అంగడిలో కారును చూచుటకు ముందే ఒక కాగితము తీసుకొని, తాను వారమునకు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతాడో, అందులో ఇరువది నిమిషములకు తగ్గకుండ ఎడతెగక సాగే ప్రయాణములు ఎన్నియో వ్రాసుకొనవలెను. అట్టి ప్రయాణములు వారమునకు ఒకటి రెండైనను ఉండి, ఏటికి పదిహేను, ఇరువది వేల కిలోమీటర్లు దాటితే డీజెల్ మేలు. లేనిచో పెట్రోలు గాని, హైబ్రిడ్ గాని మేలు. ఆ కాగితము మీద ఉన్న దారియే యంత్రమును ఎన్నుకొంటుంది. మనము దానికి సరియని తల ఊపుటయే మిగులుతుంది.