చిలక చేప నమిలిన ఇసుక

మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. పడవ దిగి, చెప్పులు చేత్తో పట్టుకుని, ఉత్త కాళ్లతో ఇసుక మీద అడుగేశాను. చురుక్కుమంటుందని ఒళ్లు ముందే బిగుసుకుంది. కానీ కాలలేదు. ఇంకో అడుగు వేశాను, అప్పుడూ కాలలేదు. తెల్లటి ఇసుక, నెత్తిన నిలువెండ, అరికాలికి మాత్రం పొద్దున్నే కడిగిన గచ్చు మీద నిలబడ్డట్టుంది.

మాది అంతర్వేది పక్క. వైశాఖంలో ఈ వేళప్పుడు మా ఒడ్డున ఇసుక మీద నిదానంగా నడిచే మొనగాడు లేడు. చిన్నప్పుడు సరుగుడు తోట నీడ నుంచి నీళ్ల దాకా ఒక్క ఊపున పరిగెత్తేవాళ్లం. సగం దారిలో తువ్వాలు కింద పడేసి, దాని మీద నిలబడి ఊపిరి తీసుకుని, మళ్లీ పరుగు. అక్కడా ఎండే, ఇక్కడా ఎండే. తేడా ఇసుకలో ఉండాలి. ఆ పూటంతా నా బుర్రలో తిరిగింది ఈ ఒక్క సంగతే.

మేం వెళ్లింది కరీబియన్ సముద్రంలోని గ్రాండ్ కేమన్ దీవికి. క్యూబాకి దక్షిణాన, జమైకాకి వాయవ్యాన, బ్రిటిష్ ఏలుబడిలో ఉన్న మూడు దీవుల్లో పెద్దది. పెద్దదంటే మొత్తం 196 చదరపు కిలోమీటర్లు. 1503లో కొలంబస్ ఈ చుట్టుపక్కలకు వచ్చినప్పుడు మిగిలిన రెండు చిన్న దీవులూ కంటపడ్డాయి. నీళ్ల నిండా తాబేళ్లే కనిపించేసరికి తాబేళ్ల దీవులని పేరు పెట్టాడు. తర్వాత వచ్చిన ఓడలవాళ్లు ఆ తాబేళ్లను మాంసానికి పట్టి పట్టి పేరుకి అర్థం లేకుండా చేశారు.

డాలస్‌లో ఉండే మా తమ్ముడు శీతాకాలం సెలవులకి రమ్మంటే, వాళ్లు ముగ్గురూ మేమిద్దరం కలిసి బయల్దేరాం. వాడు రోజంతా పడవ మాట్లాడతానన్నాడు. మా మోకాళ్లు ఒప్పుకోవు, ఒక పూట చాలన్నాను. పడవ మా ఒక్కళ్లకే. తీరం మాత్రం ఎవరికీ సొంతం కాదు. ఇక్కడి చట్టం ప్రకారం పోటు నీళ్లు తాకే గీత వరకూ ఒడ్డు అందరిదీ. డబ్బు పెట్టి మేం కొనుక్కున్నది నాలుగు గంటల కాలమూ, ఆ కాలాన్ని ఎలా వాడాలో తెలిసిన ఒక కెప్టెనూ.

ఆయన తెలివి మొదట్లోనే బయటపడింది. అందరి పడవలూ మొదట టేకు చేపలు గుమిగూడే ఇసుక మేటకి వెళతాయట. యాత్రికుల ఓడలు పొద్దున జార్జ్‌టౌన్ బయట లంగరు వేస్తాయి. జనాన్ని చిన్న పడవల్లో ఒడ్డుకి దింపుతారు, సాయంత్రంలోగా మళ్లీ ఎక్కించుకుంటారు. మధ్యాహ్నం ఆ మేట మీద తిరునాళ్లే. కాబట్టి మనం తోక నుంచి మొదలుపెడదాం, టేకు చేపలు ఆఖర్న అన్నాడు. అలా మొదటి మజిలీ రమ్ పాయింట్ అయింది. ఎప్పుడో ఓడ పగిలి రమ్ము పీపాలు ఇక్కడికి కొట్టుకొచ్చాయని కథ చెబుతారు.

ఒడ్డున సరుగుడు చెట్లు! అదే హోరు, రాలిన పుల్లల మెత్తటి పరుపు కూడా అదే. మా ఆవిడ వాటి నీడన కూలబడి, "ఇంత దూరం వచ్చి మన తోటలోనే కూచున్నట్టుంది" అంది. సరుగుడు ఇక్కడి చెట్టు కాదు. ఆస్ట్రేలియా, ఆగ్నేయాసియా తీరాల నుంచి తెచ్చి నాటారు. వేళ్లు లోతుకి దిగవు కనుక తుపానుకి నిలవదు, తన కింద ఇంకో మొక్కని లేవనివ్వదు. ఇక్కడివాళ్లకి దాని మీద ముద్దూ ఉంది, విసుగూ ఉంది. పక్కనే కొబ్బరిచెట్లు. కోనసీమవాణ్ని కాబట్టి కొబ్బరి కనిపిస్తే తల ఎత్తి గెలలు లెక్కపెట్టడం నాకు జబ్బు. దాని కథ ఇంకా బాగుంది. మనిషి కొబ్బరిని సాగులోకి తెచ్చింది రెండు చోట్ల, పసిఫిక్ వైపు ఒకటి, హిందూ మహాసముద్రం వైపు ఇంకొకటి అని 2011లో జన్యు పరిశోధకులు తేల్చారు. పోర్చుగీసు నావికులు మన సముద్రం వైపు కాయల్ని పడమటి ఆఫ్రికాకి చేర్చారు, అక్కణ్నుంచి అవి కరీబియన్‌కి వచ్చాయి. ఆ లెక్కన తల మీద ఊగుతున్న ఆ గెలలు మాకు దూరపు చుట్టాలే.

"పెదనాన్నా, ఈ ఇసుక ఎవరు తెచ్చారు?" అంది చిన్నది, గుప్పెడు ఎత్తి వేళ్ల సందుల్లోంచి జారవిడుస్తూ. తొమ్మిదేళ్ల పిల్ల. ఏది చూసినా ఎవరు తెచ్చారనే అడుగుతుంది.

మా ఊళ్లో అయితే జవాబు తేలిక, గోదారి తెచ్చింది. త్ర్యంబకం దగ్గర పుట్టి 1,465 కిలోమీటర్లు నడిచి, దక్కను నల్లరాతినీ తూర్పు కనుమలనూ అరగదీసి, ఆ నూకని ఒడ్డున పోస్తుంది. ఇల్మనైటు, గార్నెట్ లాంటి బరువు ఖనిజాలు కలిసి నల్లగానూ ఎర్రగానూ చారలు కడతాయి. నల్లని వస్తువు ఎండని మింగుతుంది, అందుకే కాళ్లు కాలేవి. గ్రాండ్ కేమన్‌లో నది లేదు. ఒక్కటంటే ఒక్కటీ లేదు. సముద్రం అడుగున ఉన్న కొండ వరసలో నీళ్ల పైకి వచ్చిన సున్నపురాతి నెత్తి ఈ దీవి. దక్షిణాన కేమన్ అగాధం 7,500 మీటర్లకు మించి దిగిపోతుంది. సున్నపురాయి నిండా చిల్లులే కనుక పడ్డ వాన పడ్డట్టే ఇంకిపోతుంది. నేల మీంచి కొట్టుకొచ్చే బురదా లేదు, రాతినూకా లేదు.

మరి ఇంత ఇసుక ఎక్కడిది?

పిల్ల గుప్పిట్లోంచి కొంచెం నా అరచేతిలో పోసుకుని కళ్లజోడు సవరించుకున్నాను. నలగ్గొట్టిన గవ్వముక్కలు, పగడపు పలుకులు, వాటి నడుమ చదునుగా చిన్న చిన్న తెల్లటి బిళ్లలు. ఆ బిళ్లలు హాలిమేడా అనే నాచువి. లోతులేని నీళ్లలో పచ్చగా పెరుగుతుంది. చూడ్డానికి అచ్చం కాసులపేరు, పచ్చటి కాసుల్ని ఒకదాని కొసన ఒకటి గుచ్చినట్టుంటుంది. నీళ్లలో కరిగిన సున్నాన్ని పీల్చి ఒంట్లో గట్టిపరుచుకుంటుంది. నాచు చచ్చాక పచ్చదనం పోయి, పేరు తెగి, కాసులన్నీ తెల్లగా రాలతాయి. ఈ తీరంలో చాలా భాగం అలా తెగిన పేర్లే.

తక్కినదాని సంగతి నీళ్లలో దిగాక తెలిసింది.

కెప్టెన్ పడవని అడ్డుగోడలాంటి పగడపు దిబ్బ లోపలి అంచుకి తీసుకెళ్లాడు. దారిలో నీళ్ల రంగు మూడుసార్లు మారింది. సముద్రపు గడ్డి మీద లేత ఆకుపచ్చ. ఉత్త ఇసుక మీద పాలలో నీలిమందు చుక్క కలిపిన రంగు. దిబ్బ అవతల, నేల ఒక్కసారిగా పడిపోయే చోట, సిరా. నీరు ఎరుపుని తాగేస్తుంది. అడుగున తెల్లటి ఇసుక ఉంటే మిగిలిన నీలాన్ని అద్దంలా పైకి తిప్పి పంపుతుంది. ముఖానికి అద్దం, నోట్లో గొట్టం పెట్టుకుని తల ముంచాను. మొదట వినపడింది చప్పుడు. కరకర, కరకర. ఎవరో జంతికలు నములుతున్నట్టు.

అది చిలక చేప. మూరెడు పొడవు, నెమలి పింఛంలో ఉన్న రంగులన్నీ ఒంటి మీదే. పళ్లన్నీ కలిసి ముక్కులా అయిపోయాయి, పేరు అందుకే. చచ్చిన పగడపు రాయి మీద పట్టిన నాచు దానికి ఆహారం. నాచుని విడిగా గీరడం రాదు, రాయితో కలిపి కొరుకుతుంది. గొంతులో ఇంకో జత తిరగలి పళ్లుంటాయి, వాటితో పిండి చేస్తుంది. నాచు ఒంటికి పడుతుంది, పిండి వెనక నుంచి బయటికి పోతుంది. నా కళ్లముందే ఒకటి నాలుగు మూరలు ఈది, ఆగి, తెల్లటి పొగలాంటిది వదిలి తాపీగా వెళ్లిపోయింది. ఆ పొగ మెల్లగా అడుక్కి దిగింది. పెద్ద చిలక చేప ఒక్కటి ఏడాదికి వంద కిలోలకు పైనే ఇలా పోస్తుంది. రాత్రయితే కొన్ని రకాలు నోట్లోంచి జిగురు తీసి ఒళ్లంతా తెర కట్టుకుని అందులో నిద్రపోతాయి. ఆడది పెద్దదయ్యాక మగదైపోవడం కూడా వీటిలో మామూలే.

పైకొచ్చి పిల్లకి చెప్పాను, ఇసుక ఎవరు తెచ్చారో. అది కాసేపు ఆలోచించి, "అంటే ఇందాకట్నుంచీ మనం చేప పెంట మీద ఆడుకుంటున్నామా?" అంది. పడవలో అందరూ నవ్వారు. అనువదించి చెబితే కెప్టెన్ కూడా.

నవ్వు ఆగాక ఇంకోటి తోచింది. ఈ నీళ్లని అందరూ అద్దంలా ఉన్నాయంటారు. అద్దంలా ఉన్నాయంటే వాటిలో ఏమీ లేదనే. నది తెచ్చే ఒండ్రు లేదు, ఒండ్రుతో వచ్చే సత్తువా లేదు. కంటికి కనపడని పచ్చటి జీవాలు నీళ్లలో తక్కువ, అందుకే అడుగు కనిపిస్తోంది. ఇది ఆకలి మీదున్న సముద్రం. వరద గోదారి కలిసే చోట మా నీళ్లలో మోచేతి కింద చెయ్యి కనపడదు. ఆ మట్టినీళ్లని వెతుక్కుంటూనే పులస ఎదురెక్కి వస్తుంది. మా ఊరి సముద్రాన్ని బురద సముద్రమని తీసిపారేసే హైదరాబాదు చుట్టాలకి ఈ మాట ఎప్పుడో చెప్పాల్సింది.

ఆకలి సముద్రంలో పగడం ఎలా బతుకుతోంది? ఒంట్లో అద్దెకున్నవాళ్ల పుణ్యం. పగడపు పురుగు కణాల్లోనే సన్నటి నాచు కాపురం ఉంటుంది. ఎండని పట్టి తిండి వండి, అందులో ఎక్కువ భాగం ఇంటివాడికే పెడుతుంది. నీళ్లు మరీ వేడెక్కితే ఆ కాపురం చెడుతుంది, నాచు బయటికి పోతుంది, పగడం పాలిపోతుంది. 2023 వేసవిలో ఈ దీవుల చుట్టూ అదే జరిగింది. అంతకు ముందే, 2020లో, రాతి పగడాల కండ కరిగిపోయే జబ్బొకటి ఇక్కడ బయటపడింది. నేను ఈదిన చోట బతికున్న పగడం ఉంది, ఊదారంగు విసనకర్రల్లా ఊగుతున్న మెత్తటి పగడాలున్నాయి. వాటి మధ్య, కొమ్మలు విరిగి నాచు కప్పిన మోడులు బోలెడు. కెప్టెన్ ఆ వైపు చెయ్యి చూపించి, నా చిన్నప్పుడు, అని మొదలుపెట్టి మాట మింగేశాడు.

స్టార్‌ఫిష్ పాయింట్‌లో ఎక్కువసేపు లేము. మోకాలి లోతు నీళ్లలో నారింజరంగు సముద్ర నక్షత్రాలు, ఒక్కొక్కటి అన్నం పళ్లెమంత. కెప్టెన్ షరతు ఒకటే, చేతులు వెనక్కి కట్టుకుని చూడండి, నీళ్లలోంచి తీశారా అది ఊపిరాడక చస్తుంది. దానికి నెత్తురు లేదు, ఒంట్లో పారేది సముద్రపు నీరే. తినాలనుకుంటే కడుపుని నోట్లోంచి బయటికి తీసి తిండి మీద పరుస్తుంది. ఈ ముక్క విని మా మరదలు చేతిలోని శాండ్‌విచ్ పక్కన పెట్టేసింది.

నాలుగు దాటాక మేట చేరాం. ఒక పెద్ద ఉప్పుకయ్యలో, నడుము లోతు నీళ్ల కింద ఇసుక మేట. చుట్టూ నీళ్లే. మాతో పాటు ఇంకొక్క పడవ, అదీ లంగరు ఎత్తుతోంది. వెనకటి రోజుల్లో బెస్తలు పగడపు దిబ్బ దాటి లోపలి కదలని నీళ్లలోకి వచ్చి, ఇక్కడ చేపలు కోసి పేగులూ తలకాయలూ పారేసేవారు. టేకు చేపలు వాటికి అలవాటు పడ్డాయి. 1980ల్లో నీట మునిగే సరదా ఉన్నవాళ్లు చేత్తో తినిపించడం మొదలెట్టారు. ఇంజిను చప్పుడు ఆగకముందే నల్లటి నీడలు మా వైపు జారుకుంటూ వచ్చాయి.

"పాదం ఎత్తి వెయ్యొద్దు, ఈడుస్తూ నడవండి" అన్నాడు కెప్టెన్. ఇసుకలో పడుకున్నదాన్ని తొక్కితే తోక మీది విషపు ముల్లు దించుతుంది. కాలు తగిలి ఇసుక కదిలితే తనే తప్పుకుంటుంది. చిన్నప్పుడు కాళ్లీడ్చి నడిస్తే మా నాయనమ్మ ఇల్లు ఎగిరిపోయేలా తిట్టేది. అరవై దాటాక, అదీ భూమికి అవతలి వైపు, ఆ నడకకి మెప్పు దొరికింది.

ఒకటి నా తొడని రాసుకుని పోయింది. రుబ్బిన మినప్పిండిలో చెయ్యి పెట్టినట్టుంది. మగవి చేటంతే. ఆడవి పెళ్లి వంటల మూకుడంత. కళ్లు వీపు మీద, నోరు పొట్ట కింద. తినేది ఏమిటో దానికి కనపడదు, వాసనతోనూ తాకిడితోనూ పట్టుకోవాలి. మా ఊళ్లో వలలో టేకు పడితే ముందు తోక ముల్లు నరికి అప్పుడు పక్కన పెట్టేవారు, సాయంత్రానికి పులుసు. ఇక్కడ చట్టం దాన్ని నీళ్ల పైకి ఎత్తనివ్వదు కూడా.

కెప్టెన్ స్క్విడ్ ముక్కల బాల్చీ తెచ్చాడు. నేను వద్దన్నాను. ఈ చేపలు నిజానికి రాత్రి తిరిగేవి. యాత్రికుల తిండికి మరిగి పగలు తిరుగుతూ, రాత్రి పడుకుంటున్నాయని 2013లో అచ్చయిన పరిశోధన చూపించింది. రాత్రి డ్యూటీవాణ్ని పగటి డ్యూటీకి మార్చినట్టన్నమాట. నేనేదో నీతిమంతుణ్నని కాదు. వాటి మధ్య నిలబడాలని ఇంత దూరం వచ్చినవాణ్నే, ఆ అలవాటు లేకపోతే అవి నా దరికి వచ్చేవి కావు. చిన్నది మాత్రం పెదనాన్న మాట వినలేదు. గుప్పిట బిగించి బొటనవేలు లోపల దాచి, ముక్క పట్టుకుంది. మూకుడంత చేప దాని మోకాళ్ల మీద దుప్పటిలా పరుచుకుని, ముక్కని జుర్రున లాగేసింది. పిల్ల అరిచిన అరుపుకి దూరంగా కూచున్న నీటికాకి లేచిపోయింది.

పొద్దు పడమటికి వాలింది. నీళ్లు గాజు పలకలా నిలిచాయి. ఇక్కడ ఆటుపోట్ల తేడా చాలా తక్కువ, అల చప్పుడు పగడపు దిబ్బ అవతలే ఆగిపోయింది. తిండి అయిపోయిందని తెలిసి చేపలు ఒక్కొక్కటే రెక్కలు ఆడిస్తూ, ఇసుకని కాస్త పైకి రేపి, ఆ ఇసుకే కప్పుకుని పడుకున్నాయి. కళ్లు మాత్రం బయట.

రాత్రి గదిలో మా ఆవిడ తడి బట్టలు దులుపుతోంది. పాలరాతి నేల మీద తెల్లటి ఇసుక రాలింది. "తుడవద్దు పెద్దమ్మా!" అంటూ పరిగెత్తుకొచ్చి చిన్నది బోర్లా పడుకుంది, వాళ్ల నాన్న ఫోన్ కెమెరాని దగ్గరికి జరిపి జరిపి వెతికింది. చాలాసేపటికి చూపుడువేలి కొసన ఒక తెల్లటి బిళ్లని అతికించుకుని నా దగ్గరికి తెచ్చింది.

"పెదనాన్నా, చూడు. ఇది చేపది కాదు. కాసు."